మడదీవిలో మొలక

రెండు దఫాలు సర్పంచ్‌గా చేసిన మనిషి మెట్లెక్కి వస్తుంటే ముందు నలుగురు, వెనక నలుగురు ఉండాలి. కౌసల్యమ్మ ఒక్కతే వచ్చింది. చేవెళ్లలో పురుగుమందుల దుకాణం మీదున్న ఆ ఇరుకు ఆఫీసులో, కుర్చీ చూపించినా కూర్చోకుండా కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది. నాగేందర్ ఆమెను ఎన్నికల బ్యానర్ల మీద తప్ప ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. బ్యానర్ మీద ఆమె నవ్వుతూ దండం పెడుతుంది. ఇప్పుడు ఆ చేతులే కొంగును నలుపుతున్నాయి.

"నా బిడ్డను లంచం తిన్నదంటున్నరు," అంది. "రేపు పగటీలి వరకు నిజం తేలకపోతే కొలువు పీకి కేసు పెడ్తరంట. జర నువ్వే చూడాలె కృపమ్మా."

కృపాజ్యోతి ఫైలు పక్కన పెట్టింది. బీమా కంపెనీ తరఫున కాలిపోయిన గోదాములు, గుద్దుకున్న కార్లు చూసి చూసి, అబద్ధం ఎక్కడ మొదలైందో వాసన పట్టడం నేర్చిన మనిషి. ఆ కొలువు మానేసి సొంతంగా ఈ డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. నాగేందర్ ఆమె కారు నడుపుతాడు, కావలసినవాళ్లను వెతికి పట్టుకొస్తాడు. ఏడో తరగతిలో బడి మానేసి, ఆటో తోలి, భూములు అమ్ముకున్నవాళ్లనూ కొనుక్కున్నవాళ్లనూ చూసి చూసి, లోకం మీద అతనికి ఒగరు పుట్టింది. నమ్మకం మిగిలింది రెంటి మీదే: తన కారు ఇంజను, మేడమ్ కళ్లు. ఇంజను అప్పుడప్పుడు మోసం చేస్తుంది.

"ముందు కూసో అక్కా," అంది కృపాజ్యోతి. "మెల్లగ చెప్పు."

కౌసల్యమ్మ కూర్చుని చెప్పింది. ఆమె కూతురు స్నిగ్ధ, విహార నౌకలు నడిపే ఒక కంపెనీలో పని చేస్తుంది. ప్రయాణికులు ఒక పూట దిగి ఈదులాడుకుని, తిని, మళ్లీ ఓడెక్కడానికి ఆ కంపెనీకి బంగాళాఖాతంలో సొంతంగా ఒక దీవి కావాలి. చివరికి రెండు మిగిలాయి. ఒకటి గవ్వల దీవి: తెల్లటి ఇసుక, ఫొటోలో చూస్తే ప్రాణం లేచొస్తుంది. రెండోది మడదీవి: గోధుమరంగు ఇసుక, ఒడ్డున మడ చెట్లు, చూపుకు ఏమీ ఉండదు. స్నిగ్ధ మడదీవే అంది. ఆమెతో పనిచేసే రంజిత్ గవ్వల దీవి అన్నాడు. ఎటో తేల్చడానికి కంపెనీ పెద్ద కెప్టెన్ గీతాంజలి ఇవాళ పొద్దున విమానం దిగి, అజీజ్‌నగర్‌లోని కౌసల్యమ్మ ఫామ్‌హౌస్‌కే వచ్చింది. ఎందుకంటే స్నిగ్ధ మడదీవి నమూనాను అక్కడి హాల్లో బంకమట్టితో స్వయంగా చేసి పెట్టింది. మంచమంత వెడల్పు ఉంటుంది, కదిలిస్తే పగులుతుంది.

"మీద కప్పిన తడిబట్ట తీసి చూస్తే పడవలాగే జెట్టీ తప్పు దిక్కున ఉన్నదంట. పిల్ల నేను పెట్టలేదంటది. వాళ్లు నమ్మరు."

"హాల్‌కు తాళం ఉండెనా?"

"ఉండె. చెవి మా వాచ్‌మన్ ఎంకయ్య దగ్గర. నిన్నటి సంది అన్నం ముట్టలేదు పిల్ల. పెద్ద మేడమ్ వస్తున్నదని ముందే భయపడ్డది సూడు, గిప్పుడు గిట్లయింది."

* * *

మొయినాబాద్ దాటాక షేర్ ఆటోల మధ్య నుంచి కారును తిప్పుకుంటూ నాగేందర్ రెండు పక్కలా చూశాడు. ఒకప్పుడు జొన్న కంకులు ఊగిన చోట ఇప్పుడు వారాంతంలో డీజేలు ఊగుతున్నాయి. చేను అమ్మినవాడే ఆ చేనుకు వాచ్‌మన్. నలుగురు కూర్చుని తిననీకి ఇంత భూమి ఎందుకో, అది చాలదన్నట్టు సముద్రంలో దీవి ఎందుకో అతనికి అర్థం కాలేదు.

ఫామ్‌హౌస్ గోడ రోడ్డు పొడుగునా ఉంది. రోడ్డుకు ఎదురుగా, సాయంత్రపు ఎండ పడే మూలన, రెండు స్తంభాల మధ్య పాత గేటును ఇటుకలతో మూసేశారు. దానివల్ల ప్రహరీ చుట్టూ తిరిగి వెనక సందులోంచి లోపలికి పోవాల్సి వచ్చింది.

"ఎదురుంగ గేటు పెట్టుకొని మూసుడేంది అక్కా?" అన్నాడు నాగేందర్.

"మా ఆయన పెట్టిచ్చిండు. ఆయన పోయిన ఏడు మూయించినం," అంది కౌసల్యమ్మ, ఇంకేం చెప్పకుండా.

హాల్లో నలుగురున్నారు. స్నిగ్ధ కిటికీ దగ్గర, మొహం కడుక్కున్నా ఏడ్చిన జాడ పోలేదు. కెప్టెన్ గీతాంజలి తెల్లచొక్కాలో నిటారుగా కూర్చుంది. విశాఖ మనిషి, మాట కూడా ఇస్త్రీ చేసినట్టుంటుంది. రంజిత్ ఫోను చూసుకుంటున్నాడు. మెడలో లావు గొలుసు వేసుకున్న నలభై ఏళ్ల మనిషి మాత్రం లేచి దండం పెట్టాడు. కౌసల్యమ్మ తమ్ముడు ప్రభాకర్, కొండకల్ దిక్కు ప్లాట్లు అమ్ముతాడు.

"నమస్తే మేడమ్. మా మేనకోడలు బంగారం. ఈ కంపెనోళ్లకు దీవే కావాల్నంటే చెప్తే పోయేదుండె. మన శంకర్‌పల్లి రోడ్డు మీదనే పదెకరాలు చూపెడ్దును, చుట్టూ కందకం తవ్వి నీళ్లు నింపుకోరాదా?"

నవ్వింది తనొక్కడే.

కెప్టెన్ తడిబట్ట తీసింది. పచ్చరంగు అద్దిన దీవి, నీలం పలక మీద. పలక మూలన దిక్కులు చూపే బాణం. "చూడండి," అంది. "మా ఓడలు తిరిగేది చలికాలంలో. అప్పుడు ఆ సముద్రంలో గాలి ఈశాన్యం నుంచి కొడుతుంది. అలా కొట్టే వైపే జెట్టీ పెట్టింది ఈ అమ్మాయి. అక్కడ పడవ ఆగదు. ఆగాలంటే సముద్రంలో పెద్ద అడ్డుగోడ కట్టాలి. ఆ గోడ కాంట్రాక్టు ఎవరికి పోతుందో, ఈమెకు ఏం ముట్టిందో నాకు తెలియాలి."

"నేను నైరుతి వైపు పెట్టిన మేడమ్," అంది స్నిగ్ధ. "అటు దీవే గాలికి అడ్డం. గోడ అక్కర్లేదు. మంచినీళ్ల ఊట ఉన్నది కూడా అటే. గవ్వల దీవికి చుట్టూ రాళ్లు, లోపల చుక్క మంచినీళ్లు లేవు. అందుకే మడదీవి అన్న."

"నీ ల్యాప్‌టాప్‌లో రెండు వైపులా గీసిన బొమ్మలున్నాయి."

"రెండూ పరిశీలించిన కాబట్టి. ఖాయం చేసింది ఈ నమూనాల. శనివారం పగటీలి పూర్తి చేసి, తడిబట్ట కప్పి, తాళం ఎంకయ్య తాతకిచ్చి సిటీకి పోయిన. ఇయ్యాల మిమ్మల్ని తీస్కొచ్చే వరకు మళ్ల చూడలే."

కృపాజ్యోతి నమూనా చుట్టూ మెల్లగా తిరిగింది. మోకాళ్ల మీద వంగి, పక్క నుంచి చూసింది. "ఇంకేమన్న మారిందా? జెట్టీ తప్ప?"

స్నిగ్ధ దగ్గరికొచ్చి చూసింది. పొద్దున గోలలో ఆమె జెట్టీ తప్ప ఏదీ చూసినట్టు లేదు. "వంటశాల నడుమ పెట్టిన. ఇప్పుడు ఈ తూర్పు దక్షిణాల మూలకున్నది. ఇగ ఇది..." వేలు పెట్టి చూపించింది. "జెట్టీ తీసేసిన కాడ గుట్ట పోసిన్రు. అక్కడ గుట్ట లేదు."

గుట్ట మట్టి మిగతా దానికన్నా నల్లగా, పచ్చిగా ఉంది. కొత్త జెట్టీ మొదట్లో వెంట్రుకంత పగులు. దాని లోపల ఆకుపచ్చ చుక్క ఒకటి నాగేందర్‌కు కనిపించింది. దీవంతా పచ్చరంగే కదా అనుకున్నాడు. కృపాజ్యోతి మాత్రం ఆ పగులు మీదికి వంగి చాలాసేపు చూసి, వేళ్లతో కాసిని నీళ్లు చిలకరించి, తడిబట్టను మళ్లీ కప్పింది.

"తాళం ఈ రాత్రికి నా దగ్గర ఉంటది," అంది.

* * *

విచారణ వరండాలో సాగింది. ముందు ఎంకయ్య వచ్చాడు. ఆ భూమిలోనే పుట్టి, ఆ భూమికే కాపలా ఉంటున్న ముసలాయన.

"తాతా, చెవి ఎవరికన్న ఇచ్చినవా?"

"బయటోళ్లకు ఇయ్యలే బిడ్డ. నిన్న ఆ పట్నం సారు బొమ్మల మిషిన్ పెట్టాలంటే నేనే తీసిన. నేను ఆడనే నిలవడ్డ."

"ఆయన మట్టి ముట్టిండా?"

"లేదు. బట్ట లేపిండు. ఫోన్‌తోని ఫొటో తీసుకున్నడు. నవ్వుకుంట పోయిండు."

"బయటోళ్లకు ఇయ్యలే," అని మళ్లీ అన్నాడు, తనమీదే నింద పడిందన్నట్టు.

తరువాత రంజిత్. "ఐ నో, నన్నే డౌట్ పడుతున్నారు. నాకు మడదీవి ఇష్టం లేదు, అది ఓపెన్‌గానే చెప్పా. బట్ నేను వచ్చిందే నిన్న మధ్యాహ్నం. ప్రొజెక్టర్ పెట్టా. ఫొటో తీసి కెప్టెన్‌కు పంపా, జస్ట్ ఇన్ఫర్మేషన్ కోసం."

"స్నిగ్ధ జెట్టీ ఎటు పెడుతున్నదో నీకు ముందు తెల్వదా?"

"నాకెలా తెలుస్తుంది? మోడల్ చూసిందే ఫస్ట్ టైమ్. అదే ఆమె ప్లాన్ అనుకున్నా."

ఆ ఫొటోను కెప్టెన్ తన ఫోనులో చూపించింది. ఒక్కటే ఫొటో. జెట్టీ, పక్కన దిక్కుల బాణం, అంతే. దీవిలో మిగతా భాగం లేదు.

చివరికి ప్రభాకర్. చాయ్ గ్లాసు పట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"శనివారం వచ్చిన. అక్కను చూసి, చాయ్ తాగి పోయిన. అంతే."

"నమూనా చూసినవా అన్నా?"

"చూసిన. పిల్ల చూపెట్టింది." గొంతు సవరించుకున్నాడు. "ముట్టకు మామా, పగులుతదన్నది. మేడమ్, నాకు సమజ్ కానిది ఒకటే. ఇప్పుడు ఆ బొమ్మ ఎంత మంచిగ కుదిరింది! అన్నీ ఎక్కడివక్కడ. గంత మంచిగ కుదిరినంక మంచే కావాలె కదా. గొడవెందుకయితున్నది?"

"అదే చూస్తున్న," అంది కృపాజ్యోతి.

తిరుగు దారిలో నాగేందర్ ఉండబట్టలేకపోయాడు. "మేడమ్, ఆ రంజిత్‌గాడే. నవ్వుకుంట పోయిండంటే ఇంకేం కావాలె? ఎంకయ్యకు నూరో ఇన్నూరో ఇచ్చి నోరు కుట్టిండు."

"చెడగొట్టాల్నన్నోడు జెట్టీ జరిపితే చాలు కదా నాగేందర్. వంటశాల ఏం పాపం చేసింది? కష్టపడి గుట్టెందుకు పోసిండు?"

నాగేందర్ గేరు మార్చాడు. "మరెవరు మేడమ్?"

"నీళ్లు చల్లి వచ్చినం కదా. పొద్దున అదే చెప్తది."

* * *

మర్నాడు పొద్దున అందరూ నమూనా చుట్టూ కూర్చున్నారు. కెప్టెన్ సూట్‌కేసు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. స్నిగ్ధ రాత్రి నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది. కౌసల్యమ్మ ఆమె భుజం మీద చెయ్యి తీయడం లేదు.

కృపాజ్యోతి తాళం తీసి, తడిబట్టను రెండు చేతులతో పైకెత్తింది.

జెట్టీ మొదట్లో పగులు విచ్చుకుంది. అందులోంచి రెండు లేత మొలకలు తలలు వంచుకుని నిలబడ్డాయి. పెసర మొలకలు. పక్కన ఇంకొకటి, మట్టి పెళ్లను నెత్తిన మోస్తూ.

కెప్టెన్ ముందుకు వంగింది. "ఇదేమిటి?"

"పెసర్లు మేడమ్. వీటి పక్కన తవ్వితే సెనగలు, నువ్వులు కూడా దొరుకుతయి." కృపాజ్యోతి పుల్లతో మట్టి కదిపింది. నిజంగానే ఒక ఉబ్బిన సెనగ గింజ బయటపడింది. "వంటింట్లోంచి జారిపడ్డయి కావు. లోతుగ పెట్టి మట్టి కప్పిన్రు. మా దిక్కు కొత్తిల్లు మొదలుపెడితే ఈశాన్యం మూలన గుంత తీసి నవధాన్యాలు పోస్తరు. ఇల్లు సల్లగుండాల్నని, కట్టినోళ్లు పచ్చగుండాల్నని."

ఆమె పుల్లను పక్కన పెట్టింది.

"ఈ మొలక రాత్రికి రాత్రి రాలే. నేను నిన్న చూసినప్పటికే గింజ పగిలింది. అంటే శనివారమే పెట్టిన్రు. రంజిత్ వచ్చింది ఆదివారం పగటీలి. ఈ మట్టి జరిపింది ఆయన కాదు." రంజిత్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇగ దిక్కులు చూడుండ్రి. నైరుతిల తెరిచి ఉన్న జెట్టీ పోయింది, అక్కడ బరువు పడ్డది. నీళ్ల దారి ఈశాన్యానికొచ్చింది. పొయ్యి ఆగ్నేయానికి పోయింది. ఇదంత సముద్రం తెలిసినోళ్ల పని కాదు, ప్లాట్లు అమ్మేటోళ్ల వాస్తు. చెడగొట్టేటోడెవడన్న నవధాన్యాలు పోస్తడా? ఇది పిల్ల మీద ప్రాణమున్నోళ్ల పని."

కౌసల్యమ్మ మెల్లగా తమ్ముడి వైపు తిరిగింది.

"ఎంకయ్య తాత బయటోళ్లకు చెవి ఇయ్యలేదన్నడు," అంది కృపాజ్యోతి. "నిజమే చెప్పిండు. మేనమామ బయటోడు కాదు కదా. తాతా, శనివారం ప్రభాకరన్నకు ఇచ్చినవా?"

"ఇచ్చిన బిడ్డ," అన్నాడు ఎంకయ్య గుమ్మంలోంచి. "పిల్ల పని మీద అక్షింతలేసొస్త అన్నడు. అది కూడా చెప్పాల్నా?"

గొలుసు తిప్పుకుంటున్న ప్రభాకర్ వేళ్లు ఆగాయి. పెద్ద మనిషి, చిన్నపిల్లాడిలా నేల చూశాడు.

"నేనే అక్కా," అన్నాడు. "బావ ఆ నైరుతి గేటు పెట్టినప్పుడు వద్దని మొత్తుకున్న. ఇన్లే. ఏడాది తిరగలే, మనిషి లేడు. పిల్ల మొదటిసారి అంత పెద్ద పని చేస్తున్నదని చూడబోతే, మళ్ల అదే మూల, అదే తెరుపు. నా గుండె ఆగింది. చెప్తే ఇనదు, నవ్వుతది. అందుకే... నిన్న కెప్టెన్ మేడమ్ పోలీసు కేసు అనంగనే నోరు పడిపోయింది నాకు. వాస్తు సరిచేసినం కదా, దానంతట అదే సర్దుకుంటదనుకున్న."

"సర్దుకుంటదా?" కౌసల్యమ్మ లేచింది. "పిల్ల రెండు దినాలు నీళ్లు ముట్టకపోతే నువ్వు వరండాల కూసుండి చాయ్ తాగినవురా. నీ తలకాయ ఏ దిక్కున పెట్టిండో ఆ బ్రహ్మదేవుడు!"

తిట్టింది కానీ గొంతులో భయం లేదు. నిన్న మెట్లెక్కి వచ్చిన మనిషి కాదు ఇప్పుడు. ఆ తేడా నాగేందర్‌కు స్పష్టంగా వినిపించింది.

"ఇంకొక్క ముచ్చట ఉన్నది," అంది కృపాజ్యోతి. "ప్రభాకరన్న చేసింది తెల్వక చేసిండు. తెలిసి చేసినోళ్లు ఇంకొకరున్నరు. రంజిత్ సార్, మోడల్ మొదటిసారి చూసినోళ్లు మొత్తం దీవి ఫొటో తీస్తరు. మీరు జెట్టీ, బాణం మాత్రమే పంపిన్రు. ఎందుకంటే గుట్ట ఇంకా తడిగ ఉన్నది. అది కనపడితే ఎవరో మట్టి మార్చిన్రని కెప్టెన్ మేడమ్‌కు చూడంగనే తెలిసిపోతది. అందుకే గుట్ట దిక్కు కోసి పంపిన్రు. అది చూసి మేడమ్ ముందే ఖాయం చేసుకొని వచ్చిన్రు. మీ ఫోన్ల అసలు ఫొటో ఉంటది. చూపెడ్తరా?"

"అది పర్సనల్ ఫోన్ అండి, అలా అడగడానికి..."

"రంజిత్," అంది కెప్టెన్. గొంతు పెంచలేదు. చెయ్యి మాత్రం చాపింది.

కాసేపు అతను ఫోనును గుప్పిట్లోనే పట్టుకున్నాడు. తరువాత ఇచ్చాడు. కెప్టెన్ వేలితో రెండు మూడు సార్లు జరిపి ఆగింది. దీవి మొత్తం ఉన్న ఫొటో. నైరుతిన నల్లగా, తడిగా గుట్ట.

"జెట్టీ నైరుతినే అని శుక్రవారం నీకు ఫోన్ల నేనే చెప్పిన కదా రంజిత్," అంది స్నిగ్ధ. అందులో కోపం కన్నా అలసటే ఎక్కువ. "గాలి గురించి కూడా నన్నే అడిగినవు."

రంజిత్ మొహం ఎర్రబడింది. "నేనేం మార్చలేదు. ఉన్నది పంపించా."

"ఉన్నదాంట్లో సగం పంపావు," అంది కెప్టెన్. "నీతో ఆఫీసులో మాట్లాడతాను. కారులో కూర్చో."

అతను వెళ్లాక ఆమె స్నిగ్ధ ముందుకొచ్చి నిలబడింది. ఆమెకు క్షమాపణ చెప్పడం అలవాటు లేదని నాగేందర్‌కు తోచింది, మాట వెతుక్కుంటోంది. "నేను గాలిని చూశాను కానీ మట్టిని చూడలేదు. తప్పు నాదే. కేసూ లేదు, ఏమీ లేదు. జెట్టీని నువ్వు పెట్టిన చోట పెట్టు, ఫొటో నేను తీసుకుంటాను. కమిటీకి మడదీవే రాస్తున్నాను. నీళ్లు లేని దీవిలో వేలమందిని దింపి తెల్ల ఇసుక తినిపించలేం కదా."

స్నిగ్ధ నమూనా దగ్గరికి నడిచింది. గుట్ట మట్టిని దోసిలితో ఎత్తి పక్కన పెట్టింది. జెట్టీని ఊడదీసి నైరుతి ఒడ్డుకు ఆనించి, బొటనవేలితో అంచులు నొక్కింది. అంతసేపూ ప్రభాకర్ ఆ వేలినే చూస్తూ ఉన్నాడు, ఏదో నొప్పి లేస్తున్నట్టు.

"మళ్ల నైరుతిలనే పెడ్తవా బిడ్డా?"

"మామా, అది ఇల్లు కాదు. పొద్దున దిగినోళ్లు పొద్దుమూకక ముందే ఓడెక్కి పోతరు. ఒక్కరు కూడా ఆడ పండరు. నువ్వు చెప్పినట్టు ఈశాన్యంల పెడితే అలలకు పడవ తిరగబడతది. మనుషులు పోతరు. అది మంచిదా?"

ప్రభాకర్ ఆలోచించాడు. మనుషులు పోతారన్న మాట అతని లెక్కలో లేదు. "అయితే ఈడనే ఉండనీ," అన్నాడు చివరికి. "గాని ఓడ ఎక్కేటప్పుడు నన్ను పిలువు. కొబ్బరికాయ అన్న కొడ్త."

"తలకాయతోనే కొట్టు," అంది కౌసల్యమ్మ. ఈసారి ఎంకయ్య కూడా నవ్వాడు.

కెప్టెన్ కారు వెనక సందులోంచి సాగిపోయింది. కౌసల్యమ్మ వంటింట్లోకి పోయి అన్నం, పచ్చిపులుసు కలుపుకుని తెచ్చింది. స్నిగ్ధ మట్టి చేతులు కడుక్కోకుండానే సోఫాలో కూర్చుని, తల్లి ముద్ద పెడుతుంటే నాలుగు ముద్దలు తిన్నది. అయిదో ముద్దకు నోరు తెరవలేదు. తల్లి చెయ్యి గాలిలో ఆగింది. చూస్తే పిల్ల కూర్చున్నదే కూర్చున్నట్టు నిద్రపోయింది.

ప్రభాకర్ ఏదో అనబోయాడు. కౌసల్యమ్మ ఎంగిలి చెయ్యే ఎత్తి, కళ్లెర్రజేసి ఆపింది. ఎంకయ్య వెళ్లి కిటికీ పరదా జరిపాడు. కృపాజ్యోతి చెప్పులు చేతిలో పట్టుకుని బయటికి నడిచింది. ఆమె వెనక నాగేందర్, గుమ్మం దాటే దాకా ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ.